బుచ్చిరాములు పేటెంట్

నస్పూర్‌లో ముసురు వదలడం లేదు. కాలనీలో ఏ డాబా మీది సోలార్ చూసినా నీళ్లు చల్లగానే వస్తున్నాయి, ఒక్క బుచ్చిరాములు ఇంట్లో తప్ప.

బుచ్చిరాములు బొగ్గుబాయిలో చేసి రిటైరైన మనిషి. పాత కిటికీ అద్దం, నల్లరంగు పూసిన పైపులు, ఒక డ్రమ్ము. ఇంతే ఆయన సోలార్ మిషను. కట్టినప్పుడు కాలనీ అంతా నవ్వింది. ముసురులోనూ ఆ నల్లాకు పొగలు కక్కే నీళ్లు వస్తున్నాయని తెలిశాక నవ్వడం మానేసి కుళ్లుకోవడం మొదలుపెట్టింది.

అందరికంటే ఎక్కువ కుళ్లుకున్నవాడు ఎదురింటి సంపత్. తన డాబా మీంచి చూసి చూసి అచ్చం అలాంటిదే కట్టుకున్నాడు. ఎండాకాలంలో నీళ్లు గోరువెచ్చగా వచ్చాయి. వానలు పడగానే అదీ లేదు.

"కాకా, డ్రమ్ముల ఏం వెట్టినవో జర చెప్పరాదు," అని బతిమాలాడు.

"పేటెంట్ తీసుకునేదుంది. అప్పటిదాంక ఎవ్వలకు చెప్పద్దట," అన్నాడు బుచ్చిరాములు.

పేటెంట్ అనే మాట ఆయన టీవీలో విన్నాడు. విన్ననాటి నుంచి ఎవరేమడిగినా అదే జవాబు. డాబా మెట్లకు తాళం కూడా వేశాడు. మనవలొచ్చినా పైకి పోనివ్వడు. అద్దాన్ని తూర్పుకు తిప్పాలంటూ తెల్లారకముందే తనొక్కడే ఎక్కి దిగుతాడు. భార్య కిష్టవ్వకు మోకాళ్ల ఆపరేషనైంది కాబట్టి ఆవిడ ఎలాగూ ఎక్కలేదు.

సంపత్ ఊరుకునే రకం కాదు. పేటెంటేదో వస్తే ఆ మిషన్లు అమ్మే పనైనా తనకు దక్కుతుందని మేనకోడలు సృజనను పిలిపించాడు. ఆ అమ్మాయి కరీంనగర్‌లో పేటెంట్లకు దరఖాస్తులు రాసిపెడుతుంది.

సంపత్ వెంట బుచ్చిరాములు ఇంటికొచ్చిన సృజన నల్లా కింది బకెట్లో చెయ్యి పెట్టి చటుక్కున తీసేసింది.

"గీ వానల గింత వేడి ఎట్లొస్తుంది తాతా?"

"వస్తది బిడ్డా," అన్నాడు బుచ్చిరాములు, గోడ వైపు చూస్తూ.

కిష్టవ్వ చాయ్ తెచ్చింది. ఆవిడ మొహం వెలిగిపోతోంది.

"ఆపరేషనైనంక సన్నీళ్లే పోసుకున్న బిడ్డా. ఈయన కాగవెడ్త అన్నడు. మొగనితోని నీళ్లు కాగవెట్టించుకుంటే నలుగురు నవ్వరా? సలికి వణుక్కుంట పోసుకున్న గని ఒప్పుకోలే. గప్పుడు గీ మిషిని జేసిండు. సూర్యభగవంతుడు కాగవెడ్తే ఎవ్వలేమంటరు?"

ఆవిడ లోపలికి వెళ్లింది. సృజన గొంతు తగ్గించింది.

"తాతా, ఇది నిజంగ కొత్తదైతే పేటెంట్ వస్తది. ఆలస్యం చేస్తే ఇంకెవరన్న వాళ్ల పేరు మీద వేసుకుంటరు. అప్పుడు మీ మిషిని మీది కాకుంట పోతది."

బుచ్చిరాములు సంపత్ వైపు అనుమానంగా చూశాడు. సంపత్ చాయ్‌లోకి చూసుకున్నాడు.

"అయితే ఏం జెయ్యాలె?"

"లోపల ఏమున్నది, నీళ్లు ఎట్ల వేడైతున్నయి, అంతా వివరంగ రాసియ్యాలె. ఏడాదిన్నరకు దాన్ని అచ్చేస్తరు."

"అచ్చేస్తే?"

"ఎవరైన చదువచ్చు."

బుచ్చిరాములు వంటింటి వైపు ఒకసారి చూశాడు.

"మా ముసల్ది పేపర్ల ఒక్క అక్షరం ఇడువది. ఆమె సుత సదువుతదా?"

"అవ్వ సుత చదువచ్చు," అని నవ్వింది సృజన.

"అయితే నాకద్దు."

సృజన ఎంతో నచ్చజెప్పింది. పేరొస్తుందంది. ఊళ్లన్నీ వాడుకుంటాయంది. ఆయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. ఇంత పిసినారి మనిషిని ఎక్కడా చూడలేదని సంపత్ వాకిట్లోనే అనేశాడు. సాయంత్రానికి కాలనీ అంతా అదే మాట.

కిష్టవ్వకూ కోపమొచ్చింది.

"గిన్నేండ్లు కాపురం జేసిన. నాకు సుత చెప్పద్దా?"

"నీళ్లొస్తున్నయి గదా. పోసుకో," అన్నాడు బుచ్చిరాములు.

ఆ రాత్రి ఆవిడ మోకాళ్ల నొప్పుల మాత్ర వేసుకుని అటు తిరిగి పడుకుంది. ఆయనకు చాలాసేపు బాధగానే ఉంది.

మర్నాడు తెల్లారకముందే, కిష్టవ్వ నిద్ర లేవకముందే, బుచ్చిరాములు రోజూలాగే వంటింట్లో గ్యాసుపొయ్యి మీద నీళ్లు మరగబెట్టి, బకెట్లో పోసుకుని, చప్పుడు కాకుండా డాబా మెట్లెక్కాడు.