తుడవని బొట్టు

“నన్నెప్పుడు చంపేశావురా?”

తలుపు తీసీతియ్యగానే రాజగోపాల్ చొక్కా పట్టుకుని అడిగాడు బలరాం. రెండో చేతిలో సుపేలా బజారులో కొన్న బత్తాయిల సంచీ ఉంది. బావమరిది ఈ చరోదా రైల్వే క్వార్టరుకి మారాక అతను రావడం ఇదే మొదలు.

“లోపలికి రా బావా. అరవకు.”

“అరుస్తాను. మా క్యాంప్ టూ బస్తీ దాకా వినపడేలాగ అరుస్తాను. కుళాయి దగ్గర ఒకామెని రాజగోపాల్ ఇల్లేదమ్మా అనడిగితే ఏటందో తెలుసా? ‘పాపం, మొగుడు పోయిన అప్పగారొచ్చి ఉంటన్నారు, ఆ ఇల్లేనా బాబూ’ అంది. పోయిన మొగుణ్ణి నేనేనమ్మా అని చెప్పాలా?”

రాజగోపాల్ వీధి వైపు ఓసారి చూశాడు. “చెప్పేశావా?”

“నోరొస్తే కదా!”

రాజగోపాల్ బావ చెయ్యి విదిలించుకుని తలుపు గడియ వేశాడు. భయం పోయి కోపం తన్నుకొచ్చింది.

“అవును, చంపేశాను! అక్క విధవరాలు, నా మీదే ఆధారపడింది అని ఆఫీసులో రాసిచ్చాను. అలా అయితేనే రైల్వే వాళ్ళు బొంబాయి పంపించి కేన్సరుకి కరెంటు పెట్టిస్తారు. మొగుడున్న అప్పకి పెట్టించరు. ఎనభై రెండులో కాంట్రాక్టు కూలీగా చేరావు నువ్వు ఆ ఠేకేదారు దగ్గర. ఇది తొంభై నాలుగు. పన్నెండేళ్ళు స్టీలు ప్లాంటు ఫర్నేసు దగ్గర మాడావు. నీ పెళ్ళానికి ఒక్క మందుబిళ్ళ ఇచ్చాడా వాడు?”

“వాడివ్వలేదని నువ్వు నన్ను పాడెక్కించేస్తావా?”

“ఇంకో దారుంటే చెప్పు. ఇప్పుడే చెప్పు. మా బావ బతికే ఉన్నాడు, నేను అబద్ధమాడాను అని ఒప్పేసుకుని ఉద్యోగం వదులుకొస్తాను.”

బలరాంకి ఒళ్ళు మరింత మండింది. సంచీ గోడకేసి కొట్టాడు. బత్తాయిలు దొర్లుకుంటూ మంచం కిందకి పోయాయి.

“నాతో ఒక్క మాట ముందే చెప్పొచ్చు కదరా?”

“చెప్తే ఏం చేసేవాడివి?”

“తన్నేవాణ్ణి.”

“అందుకే చెప్పలేదు.”

మంచం మీద కూర్చుని తమ్ముణ్ణీ మొగుణ్ణీ మార్చి మార్చి చూస్తోంది నాగలక్ష్మి. ఇంజెక్షన్లకి జుట్టంతా రాలిపోతే తలకి తువ్వాలు చుట్టుకుంది. మొహంలో రక్తపు చుక్క లేదు. నుదుటి మీద మాత్రం రూపాయి బిళ్ళంత ఎర్రటి బొట్టు ఉంది.

“నువ్వొకడివి, ఈవిడొకత్తి,” అన్నాడు రాజగోపాల్ పళ్ళు కొరుకుతూ. “ఇవాళ ఇన్‌స్పెక్టరు రైల్వే ఆఫీసు నుంచి విచారణకొస్తాడు, ఒక్క గంట ఆ బొట్టు తియ్యవే అని పొద్దున్నుంచి కాళ్ళావేళ్ళా పడుతున్నాను. వింటేనా!”

“తియ్యను,” అంది నాగలక్ష్మి. “గుండ్రాయిలాగ మొగుడుంటే ఎలగ తియ్యమంటావురా? జుట్టు పోయింది. రొమ్ము తీసేశారు. నా మొహాన ఇదొక్కటే మిగిలింది. ఇదీ పోయాక ఇంకా వైద్యమెందుకు?”

“బతకడానికే తల్లీ!”

వీధిలో మోటారు సైకిలు ఆగిన చప్పుడైంది.

రాజగోపాల్ కిటికీలోంచి తొంగిచూసి వెనక్కొచ్చాడు. “వచ్చేశాడు. బావా, నీకు దండం పెడతాను, వెనక తలుపులోంచి వెళ్ళిపో.”

“నా పెళ్ళాం ఉన్న ఇంట్లోంచి నేను దొంగలాగ పోవాలా?” బలరాం కుర్చీ లాక్కుని గది మధ్యలో కూర్చున్నాడు. “రానీ. ఆడితోనే తేల్చుకుంటాను.”

తలుపు తీయక తప్పలేదు. చంకలో ఫైలుతో ఇన్‌స్పెక్టరు తివారీ లోపలికొచ్చి, నిలబడే ఉండి హిందీలో మొదలుపెట్టాడు.

“మీ దీదీ ఈవిడేనా?”

“జీ సాబ్.”

తివారీ చూపు నాగలక్ష్మి నుదుటి దగ్గర ఆగిపోయింది. “భర్త పోయాడని రాశావు. మరి ఆ బొట్టేమిటి? మొగుణ్ణి ఎక్కడ దాచావు? ఇలాంటి దొంగ కేసులు చాలా చూశాను. మీ దీదీ వైద్యం మాట దేవుడెరుగు, ముందు నీ ఉద్యోగం ఊడుతుంది.”

నాగలక్ష్మి తమ్ముడి మొహం చూసింది. ఆమె చెయ్యి నుదుటి వైపు లేచింది.

“ఆ చెయ్యి దించు!”

తెలుగులో వచ్చిన ఆ కేకకి తివారీ ఉలిక్కిపడ్డాడు. కుర్చీ వెనక్కి పడిపోయింది. బలరాం ఒక్క ఊపున అతని మీదకి వెళ్ళాడు. కుళాయి దగ్గర మొదలైన కోపమంతా హిందీలో బయటికొచ్చేసింది.

“ఆ బొట్టు నేనే ఉంచమన్నాను. ఏం చేస్తావు? జుట్టు పోయింది, ఒళ్ళు కోసేశారు. మనిషి మొహాన ఆ ఒక్కటీ మిగిలితే అదీ తుడిచి చూపిస్తే గానీ నమ్మవా? మీ ఇంట్లో ఆడమనిషికి ఇలాగైతే తుడవమంటావా సాబ్?”

తివారీ అడుగు వెనక్కి వేశాడు. “గొంతు తగ్గించు. అసలు నువ్వెవరు? ఈవిడకి ఏమవుతావు?”

రాజగోపాల్ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. అయిపోయింది. అక్క బొంబాయి ప్రయాణం, తన నౌకరీ, అన్నీ అయిపోయాయి.

బలరాం రొప్పుతూ భార్య వైపు చూశాడు. మోకాళ్ళ మీద వంగి, మంచం కింది బత్తాయిలు ఒక్కొక్కటే ఏరి ఆమె పక్కన పెట్టాడు. లేచి చెప్పులు వేసుకున్నాడు.

“పోయినాయన తమ్ముణ్ణి సాబ్,” అన్నాడు. తర్వాత నాగలక్ష్మికి రెండు చేతులూ జోడించాడు. “బొంబాయి జాగర్తగా వెళ్ళి రండి, వదినా.”