రెండో ఫోను

“సార్ అందా, అన్నయ్యా అందా?” అని అడిగింది వదిన.

మరిది తెల్లబోయాడు. క్రెడిట్ కార్డు తీసుకోవచ్చా, వద్దా అని సలహా అడగడానికి వస్తే ఇదేం ఆరా?

“మొదటిసారి సార్ అంది. నిన్న మళ్లీ చేసినప్పుడు అన్నయ్యా అంది. అయినా పిలుపుదేముంది వదినా, కార్డు సంగతి చెప్పు.”

వదిన అప్పుడే ఆఫీసు నుంచి వచ్చింది. మెడలోని ట్యాగు తీసి బ్యాగులో పడేసి, కుర్చీ లాక్కుని కూర్చుంది. “సరే, చెప్పు.”

చెప్పడానికి ఆమెకు తెలియనిదేముంది! మరిది వ్యాను నడుపుతాడు. ఇళ్లు మారేవాళ్ల మంచాలూ బీరువాలూ చేరవేయడం పని. నిరుడు ఒక బీరువా దించుతూ నడుం పట్టేసి నెలల తరబడి మంచాన పడ్డాడు. వాయిదాలు తప్పాయి. లేచేసరికి వ్యాను లేదు, బ్యాంకుల దగ్గర పరువూ లేదు. ఇప్పుడు వేరేవాళ్ల వ్యాను అద్దెకు తోలుతున్నాడు, వచ్చినదాంట్లో సగం ఓనరుకే పోతోంది. సొంత వ్యాను కావాలంటే లోను కావాలి, లోను కావాలంటే బ్యాంకులు చూసే క్రెడిట్ స్కోరు లేవాలి. ఆ స్కోరు లేపే కార్డు ఒకటుందని ఎవరో అమ్మాయి ఫోను చేసి చెప్పింది. ఫీజు మాత్రం చుక్కలు చూపించేలా ఉంది.

“ఎక్కువే, కాదనను. కానీ నా మొహం చూసి ఇంకెవరిస్తారు కార్డు?” అన్నాడు మరిది.

“లిమిట్ ఎంత?”

“పదివేలు.”

“చేరే ఫీజు, ఏడాది ఫీజు, నెలనెలా మెయింటెనెన్సు. మొదటి బిల్లులోనే అన్నీ వేసేస్తారు. అవునా?”

“నేనింకా చెప్పందే!”

“ఇలాంటివన్నీ ఒక్కలాగే ఏడుస్తాయిలే. అవన్నీ పోను నీకు మిగిలేదెంత?”

మరిది వేళ్ల మీద లెక్కేశాడు. నమ్మకం కుదరక మళ్లీ వేశాడు. “ఆరువేలు,” అన్నాడు నీరసంగా.

“అంటే నువ్వు ఒక్కసారి గీకకముందే నాలుగువేలు బాకీ. ఒక్క నెల తప్పావా, వడ్డీ, దాని నెత్తిన జరిమానా. లేస్తుందన్న స్కోరు ఇంకా దిగుతుంది.”

“మరి నన్నేం చెయ్యమంటావు?”

“డిపాజిట్ కట్టి తీసుకునే కార్డు ఉంటుంది. ఆ డబ్బు నీ పేరునే ఉంటుంది, ఎక్కడికీ పోదు. డీజిలుకు మాత్రం గీకు, బిల్లు రాగానే మొత్తం కట్టెయ్. మెల్లగా లేస్తుంది గానీ, లేస్తుంది. ఫీజుగా పోసేదేదో అందులో పెట్టు, చాలకపోతే మీ అన్నయ్యనడుగుతాను.”

లెక్క బుర్రకెక్కింది గానీ మనసు ఒప్పుకోలేదు. మరిది ఇంట్లో అందరికంటే చిన్నవాడు. బుద్ధెరిగాక అతన్ని అన్నయ్యా అని పిలిచినవాళ్లు లేరు.

“ఆరింటికి చేస్తానంది వదినా. పాపం, మంచిపిల్ల. నిన్న ఏమందో తెలుసా...”

“‘మీరు మళ్లీ మీ కాళ్ల మీద నిలబడాలన్నదే నా కోరిక అన్నయ్యా.’ అంతేనా?”

మరిది నోరు తెరిచాడు. “నీకూ చేసిందా?”

“ఈ రోజుల్లో ఇలాంటి ఫోన్లు ఎవరికి రావు! విను. నువ్వు వద్దనగానే కాసేపు మాట్లాడదు. జాలిపడకు. తర్వాత ఆఫరు ఇవాళే ఆఖరంటుంది. అప్పుడు ఒక్కటే అడుగు, ఫీజులన్నీ పోను నాకు మిగిలేదెంత అని.”

ఫోను మోగింది. మరిది కంగారుగా దాన్ని ఆమె చేతిలో పెట్టబోయాడు. “నువ్వే మాట్లాడు వదినా, నా వల్ల కాదు!”

వదిన నిప్పును చూసినట్టు వెనక్కి తగ్గింది. నేను మాట్లాడనని చేత్తో సైగ చేసి, వంటింటి గుమ్మంలోకి వెళ్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడింది. అతను స్పీకరు నొక్కాడు.

“అన్నయ్యా, నడుం నొప్పి తగ్గిందా?”

ఆ మాటకే అతను సగం కరిగిపోయాడు. సరేనని నోటిదాకా వచ్చింది. గుమ్మంలో వదిన తల అడ్డంగా ఊపింది.

“కార్డు వద్దమ్మా,” అన్నాడు ఎలాగో.

అవతల చప్పుడు లేదు. అతని ప్రాణం ఉసూరుమంది.

“అలా అంటే ఎలా అన్నయ్యా? ఈ ఆఫరు ఇవాళే ఆఖరు...”

“ఫీజులన్నీ పోను నాకు మిగిలేదెంతమ్మా?”

“మీకు తర్వాత కాల్ చేస్తాం సార్,” అని ఫోను పెట్టేసింది.

“మళ్లీ సార్‌నయిపోయాను,” అని నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. నిజంగానే బాధేసింది అతనికి.

వదిన అప్పుడు గట్టిగా దగ్గింది. పాపం, ఎంతసేపటి నుంచి ఆపుకుందో. మంచినీళ్లు తాగి వచ్చి కూర్చున్నాక, మరిది ఆమె మొహంలోకి చూశాడు. అతనికి ఏదో అర్థమైంది.

“నువ్వూ ఎప్పుడో ఇలాంటి కార్డు తీసుకుని మునిగావు కదూ?”

వదిన కళ్లు దించుకుంది. “అలాంటిదే. మీ అన్నయ్య దగ్గర అనకు.”

“ఛ, అంటానా!” అన్నాడు మరిది. అంత తెలివిగల వదినను కూడా ముంచిన ఆ ఫోనువాళ్లను దారి పొడుగునా తిట్టుకుంటూ ఇంటికి వెళ్లాడు.

మర్నాడు పొద్దున వదిన మెడలో ట్యాగు వేసుకుని, ఎప్పటిలాగే ఆఫీసుకు వెళ్లి, కొత్తగా చేరిన అమ్మాయిల ముందు నిలబడింది.

“రెండో ఫోనులో సార్ అనకండి,” అంది, “అన్నయ్యా అనండి.”