మూడు విమానాశ్రయాలు, ఒక కుంటినడక

ఏమోయ్, కాళ్లు చాపుకొని చదువుతున్నావా? చాపుకో, చాపుకో. రాజధానికి మూడు విమానాశ్రయాలున్న రోజుల్లో కొమురయ్య కంట పడి ఉంటే, నిన్నూ చక్రాల కుర్చీలో కూలేసి తోసుకుపోయేవాడు.

అతను పనిచేసేది మూడింటిలోకీ పాతదానిలో. ఏది మేలో పోల్చి మార్కులు వేయడానికి ఒక యంత్రం ఉండేది. ఏడాది చివర అన్నిటికన్నా వెనకబడినదాన్ని మూసేస్తారు. నడవలేనివాళ్లకు సేవ చేస్తే మార్కులెక్కువని కొమురయ్య చెవిన పడింది. అంతే, గట్టిగా ఉన్నవాళ్లను పట్టుకున్నాడు.

"అక్కా, జర కుంటు. కుర్చీల కూసుంటే లైను తప్పుతది."

"నా కాళ్లు మంచిగనే ఉన్నయి కదా తమ్మీ!"

"యంత్రానికేం ఎరుక? పెండ్లిల మర్యాద తక్కువైన వియ్యపురాలి లెక్క మూలుగు, చాలు."

లైను తప్పుతుందంటే మనవాళ్లు ఊరుకుంటారా? పోటీపడి కుంటారు. కొమురయ్య ఏడాదంతా నవ్వుకుంటూ తోశాడు. తోసి తోసి అతని మోకాళ్లు అరిగిపోయాయి.

ఫలితాల రోజు యంత్రం అందరి ముందూ చెప్పింది: "ఇక్కడికి చక్కగా నడిచి వచ్చినవారిలో తొమ్మిది వేల మంది లోపలికి రాగానే నడవలేనివారయ్యారు. మిగతా రెండింటిలో అలా ఒక్కరూ లేరు. ఈ విమానాశ్రయం మనుషులకు ప్రమాదకరం. రేపే మూసేయండి."

కొమురయ్య కుంటుకుంటూ గేటు వైపు నడిచాడు. అతనితో కుర్చీలు తోసే లచ్చవ్వ వెనక నుంచి అరిచింది.

"ఇగ చాలు తియ్యి అన్నా, యంత్రం చూస్తలేదు. ఎవలి కోసం కుంటుతున్నవ్?"