జలాభిషేకం

"పాల ప్యాకెట్లేవక్కా? అన్న గల్లీల అడుగు పెట్టిండు!"

పార్టీ డివిజన్ అధ్యక్షుడు సత్యదేవ్ కంగారు పడుతున్నాడు. ఎదురుగా సుబ్బులు. మెడలో పార్టీ కండువా, చంకలో మూత పెట్టిన ఇత్తడి బిందె. బోయిగూడలోని ఆ గల్లీకి ఆవిడే బూత్ కమిటీ అధ్యక్షురాలు. కొత్త మంచినీళ్ల పైపు వేయించినందుకు కార్పొరేటర్ ధర్మరాజు నిలువెత్తు ఫ్లెక్సీకి పాలాభిషేకం జరగాలి. ఆ పని ఎప్పటిలాగే ఆవిడకే అప్పజెప్పారు.

"పాలు తేలేదు. అన్నగారు ఇచ్చిన నీళ్లుండగా పాలెందుకయ్యా? జలాభిషేకం చేద్దాం."

సత్యదేవ్ బిందె వైపు చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అక్కా, నీకు దండం పెడత. టీవీలోళ్లు సుత వచ్చిన్రు. పార్టీ ఇజ్జత్ పోతది. ఆ బిందె లోపల పెట్టు, లేకుంటే ఆ కండువా తీసెయ్!"

"కండువా తియ్యను, బిందె దించను. ఈ గల్లీలో గడపగడపకీ తిరిగి ఓట్లడిగింది నువ్వా నేనా? పంపు తిప్పితే కంపు కొడుతుంటే జనం అన్నగారి బంగళాకి పోతారా? నా టిఫిన్ సెంటర్ ముందుకే వస్తారు. ఏ మొహం పెట్టుకుని ఇడ్లీలు వడ్డించను?"

ఆవిడ కోపంలో అర్థముంది. పైపయితే కొత్తదే గానీ, తవ్వకం తగ్గుతుందని దాన్ని మురుగు పారే మోరీలోంచి లాగారు. అతుకులన్నీ కారుతున్నాయి. పక్కింటి గుల్నాజ్ కూతురు కామెర్లతో ఆసుపత్రిలో పడింది. సుబ్బులు వెళ్లి మొత్తుకుంటే ధర్మరాజు ఏమన్నాడో తెలుసా? "మీ సంపులు కడుక్కోండమ్మా" అన్నాడు!

డప్పులు దగ్గరయ్యాయి. తెల్లచొక్కా ధర్మరాజు రిబ్బన్ కత్తిరించి, ఫ్లెక్సీ పక్కన నిలబడి మైకు అందుకున్నాడు.

"కొందరు పనిలేనోళ్లు మోరీ కలుస్తున్నదని పుకార్లు పుట్టిస్తున్నరు. అంతా ఎదుటి పార్టోళ్ల కుట్ర! ఈ నీళ్లు పాలకన్న స్వచ్ఛం. మా ఇంట్ల సుత గివే తాగుతం!"

సత్యదేవ్ అందరికన్నా ముందు చప్పట్లు కొట్టాడు. సుబ్బులు బిందెతో నేరుగా ముందుకొచ్చింది. గొంతు ఖంగుమంది.

"విన్నారుగా! పాలకన్నా స్వచ్ఛమట. అయితే ఫ్లెక్సీకెందుకు, మనిషే ఎదురుగా ఉండగా? అన్నగారికే చేద్దాం అభిషేకం!"

మూత తీసింది. లోపల నీళ్లు పచ్చగా ఉన్నాయి. రెండు చేతులా బిందె ఎత్తింది.

"ఏయ్, ఏయ్, ఆగు!" ధర్మరాజు ఎగిరి వెనక్కి గెంతాడు. ఆ గెంతుకి ఫ్లెక్సీ పొట్ట దగ్గర పర్రున చిరిగింది. "దిమాగ్ ఖరాబైందా? ఆ మోరీ నీళ్లు నా మీద పోస్తవా? రోగాలొస్తయ్!"

మైకు ఇంకా చేతిలోనే ఉంది మహానుభావుడికి. ఆ మాటలు గల్లీ దాటి మెయిన్ రోడ్డు దాకా వినిపించాయి. డప్పులు ఆగిపోయాయి.

"రోగాలొస్తాయని మీకు తెలుసన్నమాట" అంది సుబ్బులు.

గుల్నాజ్ ముందుకొచ్చింది. ఆమె కళ్లనిండా నీళ్లు. "నా బిడ్డ గవే తాగింది సాబ్. దవాఖానల పడి ఉన్నది. గప్పుడు నీకు యాదికి రాలేదా రోగాలొస్తయని?"

ఆడవాళ్లందరూ ఒక్కొక్కరే వచ్చి ఆమె వెనక చేరారు. ధర్మరాజు సత్యదేవ్ కోసం చూశాడు. సత్యదేవ్ కిందపడ్డ రిబ్బన్ ముక్కలు ఏరుకుంటున్నాడు.

సుబ్బులు బిందె దించలేదు. "అన్నగారూ, నేను మీ పార్టీదాన్నే. వచ్చే ఎన్నికల్లోనూ మన గుర్తుకే ఓట్లడుగుతాను. అడిగే మొహం నాకుండాలి కదా! ఆ పైపు మోరీలోంచి తీయించి వేరే దారిన వేయిస్తారా, పొయ్యమంటారా?"

ధర్మరాజు బిందెని చూశాడు, టీవీ కెమెరాలని చూశాడు. ఫోన్ తీశాడు.

"ఇంజినీర్ సాబ్... రేపు కాదయ్యా, ఇప్పుడే! జేసీబీ పంపు. మోరీల పైపు బంద్ చెయ్యి. కొత్తది పడేదాక గల్లీకి ట్యాంకర్ పెట్టు."

"మైకులో చెప్పండి" అంది సుబ్బులు. మైకులో కూడా చెప్పాడు పాపం.

మధ్యాహ్నానికల్లా జేసీబీ వచ్చి మోరీ పక్కన తవ్వడం మొదలుపెట్టింది. టిఫిన్ సెంటర్ అరుగు మీద సుబ్బులు చేయి పట్టుకుని గుల్నాజ్ కూర్చుంది. సత్యదేవ్ మొహం మాడ్చుకుని వచ్చాడు.

"పరేషాన్ చేసినవ్ కదక్కా! కోపముంటే లోపల కూసోని మాట్లాడాలె. సొంత పార్టీ లీడర్ మీద గసుంటి గలీజ్ నీళ్లు పోస్తరా ఎవరన్న?" అంటూ బిందె ఎత్తి మోరీలో కుమ్మరించబోయాడు.

"ఆగాగు, పారబొయ్యకు!" సుబ్బులు బిందె లాక్కుంది. గ్లాసు ముంచి గటగటా తాగేసింది.

"యా అల్లా!" గుల్నాజ్ గుండెలు బాదుకుంది. సత్యదేవ్ నోరు తెరిచాడు.

సుబ్బులు కొంగుతో మూతి తుడుచుకుంది.

"మన పార్టీ మనిషి మీద మోరీ నీళ్లు పోస్తానటయ్యా? పొద్దున కొన్న క్యాన్ నీళ్లివి, చిటికెడు పసుపు కలిపాను."