నూట పన్నెండో షాట్‌లో బకెట్

"మళ్ళీ అదే బకెట్!"

ఎడిటరమ్మ రెండు చేతులతో నెత్తి పట్టుకుంది. తెర మీద మహారాజు సింహాసనంలో ఠీవిగా కూర్చుని యుద్ధం ప్రకటిస్తున్నాడు. ఆయన భుజం వెనక, స్తంభం చాటు నుంచి నీలం ప్లాస్టిక్ బకెట్ ఒకటి తొంగి చూస్తోంది. షూటింగ్ రోజు నేల తుడిచినవాళ్ళెవరో మరిచిపోయి వెళ్ళారు. సెట్లో రెండు వందల మంది ఉన్నారు, ఒక్కరి కంటా పడలేదు.

సినిమాలో గ్రాఫిక్స్ షాట్లు మొత్తం రెండు వందల పన్నెండు. గోడ మీద పట్టికలో అన్నిటి పక్కనా పచ్చ టిక్కు పడింది. ఈ ఒక్క నూట పన్నెండోదాని పక్కనే ఎర్ర చుక్క వెక్కిరిస్తోంది. సాయంత్రం నాలుగింటికి సినిమా గడప దాటాలి.

కంప్యూటర్లో ఈ బకెట్‌ని చెరిపే పని చేస్తున్నది ఎవరో అయితే ఈపాటికి దులిపి పారేసేది. చేస్తున్నది సొంత ఆడపడుచాయె! ఆ పిల్లకిదే మొదటి సినిమా. ఉన్న ఉద్యోగం మానేసి మరీ వచ్చింది. టైటిల్స్‌లో కూతురి పేరు పడుతుందని అత్తగారు వీధి వీధంతా చాటింపు వేసేశారు.

ఎడిటరమ్మ ఫోన్ చేసింది. "ఏమ్మా, ఇది ఎన్నో వెర్షన్?"

"తొమ్మిదోది వదినా. స్తంభం మొత్తం కొత్తగా గీశాను."

"స్తంభం సంగతి ఎవరడిగారే? బకెట్ సంగతి చెప్పు."

"నాకు కనిపించడం లేదు వదినా."

"ముంజేతి కంకణానికి అద్దమెందుకు? నా కళ్ళెదుటే ఉంది. ముందు నీ కళ్ళు డాక్టరుకి చూపించుకో."

"పోనీ, మూలన వెర్షన్ నంబరు వేసి పంపనా?"

"వద్దు. తెర మీద అంకెలు కనిపిస్తే డైరెక్టరు గారికి తలనొప్పి."

"నేనొచ్చి చూడనా, వదినా?"

"ఏమక్కర్లేదు. నా టైమ్‌లైన్‌లో ఇంకొకరు వేలు పెడితే నాకు ఒళ్ళు మంట."

అది నిజమే. ఆవిడ పద్ధతి అంటే పద్ధతి. నూట పన్నెండు మొదటిసారి వచ్చిన రోజు, రంగులు పోల్చుకోవడానికి షూటింగ్‌లో తీసింది కూడా ఉంచమన్నారు డైరెక్టరు. ఆవిడ దాన్ని, కంప్యూటర్లో షాట్లన్నీ వరసగా పేర్చుకునే టైమ్‌లైన్‌లోనే ఉంచి, పొరపాటున కూడా ఎవరి చెయ్యీ తగలకుండా తాళం వేసింది. పదిహేనేళ్ళ అనుభవం ఊరికే పోతుందా?

ఆ పిల్ల అలా కాదు. మొదటి వారంలోనే ఆకాశంలో కొంగల్ని ఎగరేయమంటే, కొంగల పొర కింద వేసి, ఆకాశం పొర పైన వేసింది. ఒక్క కొంగా కనబడలేదు. ఎడిటరమ్మ పడీ పడీ నవ్వింది. "పిచ్చి మొహమా! పొరలంటే దుప్పట్లే. పైన కప్పిందే కనిపిస్తుంది. కింద పడుకున్నవాడు ఎంత అందగాడైతే ఏం లాభం?" అంది. ఆ ముచ్చట అత్తగారింట్లో అందరి ముందూ చెప్పి ఇంకోసారి నవ్వింది కూడా.

పదోది వచ్చింది. ఎప్పటిలాగే టైమ్‌లైన్‌లో తొమ్మిదోదాన్ని తీసి ఆ చోట్లో పెట్టింది. ప్లే నొక్కింది. బకెట్!

సరిగ్గా అప్పుడే డైరెక్టరు తలుపు తోసుకుని వచ్చారు. "ఇదింకా చావలేదా?"

"ఇంకొక్కసారి చేయిస్తానండీ."

"ఎన్నిసార్లండీ? ముఖం మీదకి జూమ్ చేసి బకెట్‌ని అవతలికి నెట్టేయండి. వెనకున్న సైన్యం పోతుంది, పోనీండి. అసలు బకెట్ తీయడం చేతకానివాళ్ళ పేరు నా సినిమాలో ఎందుకు?"

ఆవిడ పరిస్థితి అడకత్తెరలో పోకచెక్కలా అయింది. ఒకవైపు అత్తగారి ముఖం, ఇంకోవైపు నాలుగు గంటలు. పది రోజుల చిరాకు ఒక్కసారిగా పొంగుకొచ్చింది. "తీసేయిస్తానండీ," అంది. తనే ప్రొడక్షన్ ఆఫీసుకి మెసేజ్ కొట్టింది.

ఆయన వెళ్ళాక ఫోన్ మోగింది.

"వదినా, పదకొండోది పంపుతున్నాను. ఈసారి ఒక్కో ఫ్రేమూ చేత్తో తుడిచాను."

"అక్కర్లేదు. టైటిల్స్‌లోంచి నీ పేరు తీయించేశాను."

"అమ్మకేం చెప్పను వదినా?" అంది ఆ పిల్ల.

"నాకు చేతకాలేదమ్మా అని చెప్పు," అని పెట్టేసింది ఎడిటరమ్మ. తప్పు చేసినవాళ్ళకి చెప్పకపోతే ఎలా తెలుస్తుంది?

ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. "పేరు తీసేశాం. టైటిల్స్ ప్రింటుకి వెళ్ళిపోయాయి. ఇక మార్పులుండవు."

ఆవిడ నిట్టూర్చి జూమ్ చేయడానికి సిద్ధపడింది. షూటింగ్‌లో తీసిన ఆ పాత షాట్ ఇంకా టైమ్‌లైన్‌లో అన్నిటికన్నా పై పొరలోనే ఉంది. ఇక పోల్చుకునేదేముంది గనక? తాళం తీసి, దాన్ని డిలీట్ చేసి, తెర వైపు చూసింది.

బకెట్ మాయమైంది.