హీటరు పక్క కుర్చీ

పుట్టినప్పటి నుంచీ ఇంగ్లీషే మాట్లాడే తెల్లాయన ఒకడు ఇంగ్లీషు క్లాసులో వచ్చి చేరాడు.

దారి తప్పి వచ్చిన ప్లంబరేమో అనుకుంది నిదాల్.

కాదు. తిన్నగా వెళ్ళి హీటరు పక్క కుర్చీలో కూర్చున్నాడు.

ఆ కుర్చీ ఆమెది.

ఆస్ట్రేలియాలో జూలై అంటే చలికాలం. షెపర్టన్‌లో ఆ చలికి, చర్చి వెనక హాలు మొత్తానికీ ఉన్నది ఒకటే హీటరు. శుక్రవారం మాటల పోటీలో గెలిచినవాళ్ళకి వచ్చే వారమంతా దాని పక్క కుర్చీ. టీచరు లొరేన్ ఒక్కో కార్డూ ఎత్తి చూపిస్తుంది, మాట చదివి అర్థం చెప్పాలి. అన్నీ చేత్తో రాసిన పాత కార్డులు. ప్రతిదాని మూలనా టోపీ పెట్టుకున్న చిన్న కూకబర్రా పిట్ట.

బస్రాలో మందుల షాపు నడిపిన నిదాల్, చలికాలం మొదలైనప్పటి నుంచీ ఆ కుర్చీ ఎవరికీ వదల్లేదు. ఆ కుర్చీ గురించి విన్నంత, పోయిన షాపు గురించి కూడా ఆమె మొగుడు ఇంట్లో వినలేదు.

"ఈయన పేరు క్లెమ్. మనతోపాటు కూర్చుంటారు," అంది లొరేన్. అంతకుమించి చెప్పలేదు.

కార్డు ఎత్తింది. బకెట్.

"గుర్రం," అన్నాడు క్లెమ్.

క్లాసు గొల్లుమంది. నిదాల్ నవ్వలేదు.

"ఇక్కడ పుట్టినవాడికి బకెట్టు తెలీదా? నటిస్తున్నాడు," అంది టీ వేళ, గొంతు తగ్గించి.

"మనకోసం నటనెందుకు, ఉమ్ హైదర్?" అంది కాంగో నుంచి వచ్చిన ఫురాహా. పెద్దకొడుకు హైదర్ పేరు కలిపి నిదాల్‌ని అందరూ అలాగే పిలుస్తారు.

"వీసా ఆఫీసువాడు. మా అమ్మ వీసా కాయితాలు వాళ్ళ బల్ల మీదే ఉన్నాయి. మా ఆయన శనివారాలు లెక్కలో చూపకుండా పళ్ళ వ్యాను తోలతాడని పోయినవారం నువ్వేగా ఇక్కడ అరిచావు?"

"నేనా? నువ్వే చెప్పావు! పార్ట్ టైం అన్న మాటకి ఉదాహరణ అడిగితే!"

అది నిజమే. ఉదాహరణల్లో నిదాల్‌కి ఎప్పుడూ పూర్తి మార్కులు.

"కుడిచెయ్యి జేబులోంచి తియ్యట్లేదు, చూశారా?" అన్నాడు గులాం కాకా. ఆయనది కాబూల్. "లోపల మిషను ఉంటుంది. రికార్డింగు."

"అయ్యో దేవుడా! మా మేడమీద గదిలో అద్దెకున్నవాళ్ళ సంగతి కూడా చెప్పేశానే!" అంది ఫురాహా.

నిదాల్ ఖర్జూరం బిస్కెట్ల డబ్బా తీసుకుని క్లెమ్ దగ్గరికి వెళ్ళింది.

అతను ఎడమచేత్తో తీసుకున్నాడు.

ఎడమచేత్తో! ఆ మర్యాద చూసి, వీసా ఆఫీసువాడు అవునా కాదా అని నిదాల్‌కి ఉన్న కాస్త అనుమానం కూడా తీరిపోయింది.

"మీదే ఊరండీ?"

కిటికీలోంచి బయటికి చూపించాడు.

"ఏం పని చేసేవారు?"

క్లెమ్ నోరు తెరిచాడు. మూశాడు. ఎడమచేత్తో గాల్లో ఏదో గీశాడు.

"బయటికి చెప్పకూడని ఉద్యోగం," అని తేల్చేశాడు గులాం కాకా.

ఆ రోజు నుంచి క్లాసులో ఎవరూ నోరు జారలేదు. అద్దె అన్న మాటకి ఉదాహరణ చెప్పమంటే ఫురాహా "ఆకాశం నీలంగా ఉంది" అంది.

శుక్రవారం లొరేన్ టీ నీళ్ళు పెట్టడానికి వంటగదిలోకి వెళ్ళింది. నిదాల్ కట్టలోంచి ఒక కార్డు ఏరి క్లెమ్ ముందు పెట్టింది.

స్పై.

"దీని అర్థం చెప్పండి చూద్దాం."

క్లెమ్ కార్డు వంక చాలాసేపు చూశాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కార్డు మూల మీద వేలు పెట్టాడు. అదే వేలు తన గుండె మీద పెట్టుకున్నాడు.

"నే... నేను."

"ఒప్పుకున్నాడు!" అన్నాడు గులాం కాకా.

నిదాల్ వెళ్ళి తలుపు తీసి పట్టుకుంది.

"దయచెయ్యండి. మావి చిన్న చిన్న బతుకులు. మీ పైవాళ్ళకి కూడా అదే చెప్పండి."

క్లెమ్ అందరి ముఖాలూ చూశాడు. లేచాడు. స్పై కార్డుని కట్టలో సరిగ్గా దాని చోట్లో దూర్చి, అంచులు సమం చేసి మరీ వెళ్ళాడు.

"ఆధారం కూడా మిగల్చలేదు. పనిమంతుడు," అన్నాడు గులాం కాకా.

మరుసటి వారం నిదాల్ హీటరు పక్కన వెచ్చగా కూర్చుంది. క్లెమ్ రాలేదు. ఆ పై వారం లొరేన్ క్లాసు మొదలుపెట్టకుండా నిలబడి ఉంది.

"క్లెమ్‌ని కూతురు పెర్త్ తీసుకెళ్ళిపోయింది. ఇక్కడ తనకి చోటు లేదని ఆయనే ఆమెకి ఎలాగో చెప్పారట. ఏం జరిగింది?"

"మేమే కనిపెట్టాం టీచర్," అని నిదాల్ జరిగిందంతా చెప్పింది. మంచి ఉదాహరణలతో చెప్పింది.

లొరేన్ కూర్చుండిపోయింది.

"ఆయనకి పక్షవాతం, ఉమ్ హైదర్. కుడిచెయ్యి పడిపోయింది. మాటలన్నీ పోయాయి. మాటలు ఎక్కడ దాచుకున్నారో అక్కడే వెతుక్కోమంది డాక్టరు."

"ముందే చెప్పొచ్చు కదా టీచర్!"

"చెప్పనివ్వలేదు. వేలు పెదాల మీద పెట్టుకున్నారు. అందరిలాగే కూర్చుంటానని."

హీటరు పక్కన కూడా నిదాల్‌కి చలివేసింది.

"ఆయన మాటలు... ఈ హాల్లో ఎందుకుంటాయి?"

లొరేన్ కట్టలోంచి స్పై కార్డు తీసింది. మూలనున్న పిట్టని వేలితో మెల్లగా తుడిచింది.

"నాకు ముందు ఇక్కడ టీచరు ఆయనే. ఈ పిట్టలన్నిటికీ టోపీలు పెట్టిన చెయ్యే, ఆ జేబులో ఉన్నది."