శ్రీజకి డాన్స్ ప్యాడ్

గురువారం సాయంత్రం ఏడున్నరకి ఎవరో తలుపు దబదబా బాదారు. శ్రీకర్ వెళ్ళి తీశాడు. కింది ఫ్లాట్‌లోకి కొత్తగా దిగిన పాండురంగం నిలబడి ఉన్నాడు. చేతిలో చీపురుకర్ర. దాంతో అప్పటిదాకా తన సీలింగు పొడిచి పొడిచి, లాభం లేక మెట్లెక్కి వచ్చాడు.

“ఏం సార్, నా నెత్తి మీద ఏం దంచుతున్నరు? నేను పొద్దున నాలుగింటికి డ్యూటీకి పోవాలె. ఏడింటికే పండుకుంట. రోజూ ఇదే టైముకు ధన్ ధన్ ధన్. అది ఆగంగనే ఏడ్సుడు షురూ!”

శ్రీకర్ నుదుటి చెమట తుడుచుకున్నాడు. “సారీ అంకుల్. అదీ... మా శ్రీజ...”

మాట పూర్తిచేసింది వంటింట్లోంచి గరిటెతో వచ్చిన అతని అత్తగారు ఆదిలక్ష్మి. “పిల్ల ఉన్న ఇల్లు కదా అన్నయ్యగారూ! దానికని డాన్సు ఆట కొన్నారు. ఈమాత్రం సందడి ఉండదూ?”

పాండురంగం చప్పున చల్లబడ్డాడు. “చిన్నపిల్లనా? మరి ముందే చెప్పొద్దా చెల్లె! పెద్దోళ్ళే గిట్ల ఎగురుతున్నరేమో అని ఏజెంటుకు లెటర్ గూడ రాసి పెట్టిన. చింపేస్త తియ్యి. జర నెమ్మదిగ ఆడుమనుండ్రి.”

తలుపు వేశాక, లోపలున్న శ్రీకర్ భార్య బిందుమాధవితో సహా ముగ్గురూ ఊపిరి పీల్చుకున్నారు. ఫ్లాట్ అద్దెకి ఇప్పించిన ఏజెంటు దగ్గర అప్పటికే రెండు ఫిర్యాదులున్నాయి, అంతకుముందు కింద ఉన్న ఇంగ్లీషు ముసలమ్మ రాసినవి. మూడోది వెళితే ఫ్లాట్ ఖాళీ చెయ్యాలి. ఏజెంటు ఆ మాట కాగితం మీద పెట్టి మరీ పంపాడు. ఇంగ్లండులోని ఈ బేసింగ్‌స్టోక్‌లో శ్రీకర్ ఆఫీసుకి నడిచి వెళ్ళేంత దగ్గర్లో మరో ఇల్లు దొరకడం కల్ల.

“ప్యాడ్ తీసి అటకెక్కించెయ్యండి” అంది బిందుమాధవి మొగుడితో.

“తీసేస్తే ఎలా? శ్రీజ కోసమని ముచ్చటపడి కొన్నాం. చప్పుడు కాని మంచి ప్యాడ్ చూద్దాం.”

“అంతే మరి” అంది ఆదిలక్ష్మి. “కిందాయనతో మాట్లాడటం మాత్రం నాకొదిలెయ్యండి. మీకు మాట్లాడటం చేతకాదు.”

ఆట పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. పాట మోగుతుంటే టీవీలో బాణాలు పైకి పోతుంటాయి. కింద పరిచిన ప్యాడ్ మీద అవే బాణాల్ని తాళం తప్పకుండా కాళ్ళతో తొక్కాలి. వాళ్ళ పాత ప్యాడ్ మరీ పల్చన, మేజా మీద పరిచే ప్లాస్టిక్ గుడ్డలా ఉండేది. పాట మొదలైనప్పుడు సోఫా దగ్గరుంటే, ముగిసేసరికి కార్పెట్ మీద జారుకుంటూ కిటికీ దగ్గరికి చేరేది.

శనివారం శ్రీజని కూడా తీసుకుని దుకాణానికి వెళ్ళారు. దాని పేరు మీద కొనే వస్తువు, అది లేకుండా ఎలా?

ఇనప రేకు ప్యాడ్ చూడగానే శ్రీకర్ కళ్ళు మెరిశాయి. వెనక పట్టుకోవడానికి కమ్మీ కూడా ఉంది. ఒంటికాలి మీద నిలబడి ఊగి చూశాడు. అమ్మే అమ్మాయి శ్రీజని చూసింది, శ్రీకర్‌ని చూసింది, నవ్వు ఆపుకుంటూ అటు తిరిగింది.

“వద్దండీ బాబూ” అంది బిందు. “కిందాయన చెవిలో డప్పు వాయించినట్టుంటుంది.”

“గట్టిగా ఉంటుందనీ... బరువు ఆగుతుంది కదా. శ్రీజ ఎదిగే పిల్ల.”

ఆదిలక్ష్మి ఇవేవీ వినలేదు. చెప్పులు విడిచి, కుచ్చిళ్ళు ఎత్తి బొడ్లో దోపి, అంగుళం మందాన స్పాంజి ఉన్న ప్యాడ్ ఎక్కేసింది.

“అమ్మా, అందరూ చూస్తున్నారే!”

“చూడనీ. పిల్లకి కొనే వస్తువు, తొక్కి చూడకుండా కొంటామా?”

ఏడు బాణాలు సరిగ్గా పడ్డాయి. ఎనిమిదోది తప్పింది. “ఇంకోసారి పెట్టమను” అంది.

“నీకేం కావాలే బంగారం?” అని శ్రీకర్ శ్రీజని అడిగాడు. శ్రీజ నోట్లో వేలు పెట్టుకుని దుకాణం దీపాలు చూస్తోంది.

“వేలు తియ్యవే ముందు” అంది అమ్మమ్మ, ప్యాడ్ మీంచి దిగకుండానే.

స్పాంజిదే కొన్నారు. జారకుండా అడుగున చెక్క వేశారు. చెక్క మోత కిందికి పోకుండా, శ్రీజ కోసం పాత చీరలతో కుట్టి భీమవరం నుంచి తెచ్చిన బొంత మడతపెట్టి పరిచింది ఆదిలక్ష్మి. మేజోళ్ళు నిషేధం, వట్టికాళ్ళే. ఎగరడం లేదు, పాదం ఆనించడమే.

నెల తిరిగింది. చీపురుకర్ర చప్పుడు మళ్ళీ వినపడలేదు. ఓ ఆదివారం మెట్ల దగ్గర పాండురంగమే శ్రీకర్‌ని ఆపాడు.

“ఇప్పుడు మంచిగున్నది. చెవి పెట్టి వింటెగాని తెల్వదు. పాప తాళం గూడ కుదిరింది తమ్మీ! ఎన్నేండ్లు పాపకు?”

“ఎదుగుతోంది అంకుల్” అని శ్రీకర్ గబగబా పైకి వెళ్ళిపోయాడు.

మర్నాటి సాయంత్రం ఆదిలక్ష్మి బొబ్బట్లు చేసింది. వేడి తగ్గకుండా నాలుగు పళ్ళెంలో పెట్టి, పైన నెయ్యి వేసి, ఎవరికీ చెప్పకుండా మెట్లు దిగింది. పంచిపెట్టకుండా తింటే ఆవిడకి సహించదు.

పాండురంగం ముఖం విప్పారింది. “పోలెలు! ఎన్నేండ్లాయె తిని! కూసో చెల్లె.”

అంతలో పైన మెత్తగా మొదలైంది. ధబ్... ధబ్ ధబ్... ధబ్. ఆయన ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుని, సీలింగు కేసి ఆప్యాయంగా చూశాడు.

“ఎక్కింది చూడు, పాప. అవునుగని చెల్లె, ఇయ్యాల ఏం పండుగ?”

ఆదిలక్ష్మి సంబరం పట్టలేక మరో బొబ్బట్టు ఆయన చేతిలో పెట్టింది. “పండగేం కాదు అన్నయ్యగారూ, మా శ్రీజ ఇవాళ పొద్దున్నే మొట్టమొదటిసారి బోర్లా పడింది!”